మీ చిన్న విమానాన్ని మబ్బుల్లో ఎగరడానికి సిద్ధం చేయడం ఎలా?

ఉత్తర టెక్సాస్‌లో వసంతకాలపు ఉదయాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. రాత్రంతా మెక్సికో గల్ఫ్ వైపు నుంచి తేమగాలి వీచి, తెల్లారేసరికి ఏ 800 అడుగుల ఎత్తులోనో బూడిదరంగు మబ్బు దుప్పటిలా కప్పేస్తుంది. దాని మందం చాలా రోజుల్లో 2,000 అడుగులు కూడా ఉండదు. పైన మంచి ఎండ కాస్తూ ఉంటుంది. పదకొండు గంటలకల్లా మబ్బు విడిపోతుంది. అప్పటిదాకా, బయటకు చూస్తూ మాత్రమే ఎగరగలిగే వీఎఫ్‌ఆర్ పైలట్ హ్యాంగర్‌లో కాఫీ తాగుతూ కూర్చోవాల్సిందే. మీటర్లను చూస్తూ ఎగిరే ఐఎఫ్‌ఆర్ పైలట్ ఐదు నిమిషాల్లో ఆ మబ్బు దాటి ఆస్టిన్ వైపు వెళ్లిపోతాడు.

ఆ తేడా కోసమే మీటర్లను చూస్తూ ఎగరడానికి అనుమతిచ్చే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ తెచ్చుకున్నాను. తీరా చూస్తే, నేనూ మరో ఇద్దరు మిత్రులూ కలిసి కొనుక్కున్న 1975 నాటి సెస్నా 172ఎం అందుకు సిద్ధంగా లేదు. దాన్ని తయారు చేయడానికి ఏడాదిన్నర పట్టింది. మీ దగ్గర సెస్నానో పైపర్ చెరోకీనో ఉండి, అదే దారిలో వెళ్దామనుకుంటే ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది ఇక్కడ చెబుతున్నాను. ఇవన్నీ అమెరికాలో రిజిస్టర్ అయిన విమానాలకు వర్తించే నియమాలు. ఇండియాలో రిజిస్టర్ అయిన వాటికి డీజీసీఏ నియమాలు వేరు.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఈ పనిలో అడగాల్సిన ప్రశ్న "ప్యానెల్‌లో ఏం పెట్టిద్దాం?" అన్నది కాదు. "మబ్బులో ఉండగా ఇది పోతే నా చేతిలో ఏం మిగులుతుంది?" అన్నది. ప్రతి వస్తువు దగ్గరా ఈ ప్రశ్న వేసుకుంటూ పోతే, డబ్బు ఎక్కడ పెట్టాలో మీకే తెలిసిపోతుంది.

చట్టం అడిగేది ఎంత?

ముందు ఒక కాగితం తీసుకుని ఫెడరల్ నిబంధన 91.205లోని డీ భాగం రాసుకోండి. పగటి వీఎఫ్‌ఆర్‌కు కావాల్సిన వాటికి తోడు ఐఎఫ్‌ఆర్‌కు అది అడిగేవి ఇవీ: వెళ్లే దారికి సరిపడే రేడియో, నావిగేషన్ పరికరాలు, ఆర్టిఫిషియల్ హొరైజన్ (విమానం ఎటు వంగిందో, ముక్కు పైకుందో కిందికుందో చూపేది), గైరోతో, అంటే వేగంగా తిరిగే చక్రంతో, పనిచేసే దిక్సూచి, టర్న్ రేటు చూపే మీటర్, పక్కకు జారుతున్నామో లేదో చూపే బాల్, గాలి పీడనానికి తగ్గట్టు సెట్ చేసుకునే ఆల్టిమీటర్, సెకన్లు చూపే గడియారం, సరిపడా శక్తి ఉన్న ఆల్టర్నేటర్ లేదా జనరేటర్. అంతే.

ఈ జాబితా చూసినప్పుడల్లా నాకు 1929 సెప్టెంబర్ 24 గుర్తొస్తుంది. ఆ రోజు న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డ్‌లో అమెరికా సైనిక పైలట్ జిమ్మీ డూలిటిల్ తన కాక్‌పిట్‌ను పూర్తిగా మూసేయించుకుని, బయటికి ఏమీ కనబడకుండా టేకాఫ్ అయి, చుట్టు తిరిగి వచ్చి అదే మైదానంలో దిగాడు. అప్పుడు ఆయన ముందున్న కొత్త వస్తువులు ఆర్టిఫిషియల్ హొరైజన్, గైరో దిక్సూచి, సూక్ష్మంగా ఎత్తు చూపే ఆల్టిమీటర్, దారి చూపే రేడియో సంకేతం. దాదాపు వందేళ్లయింది. చట్టంలోని జాబితా మూలంలో ఇంకా అదే.

జాబితా పట్టుకుని విమానంలో కూర్చుని ఒక్కొక్కటీ టిక్ పెట్టుకోండి. గడియారం దగ్గర చాలామంది ఆగిపోతారు. 1970ల నాటి విమానాల్లో ప్యానెల్ గడియారం ఏనాడో ఆగిపోయి ఉంటుంది, దాన్నెవరూ పట్టించుకుని ఉండరు. వీఎఫ్‌ఆర్‌లో అది లోపం కాదు. ఐఎఫ్‌ఆర్‌లో అది లేకుండా బయల్దేరడం చట్టవిరుద్ధం.

ఇంకొకటి కూడా చూడండి. ప్యానెల్‌లో పాత జీపీఎస్ ఉండి, దాని పక్కన "వీఎఫ్‌ఆర్‌కు మాత్రమే" అన్న చిన్న స్టిక్కర్ ఉంటే, అది మీ లెక్కలోకి రాదు. ఐప్యాడ్‌లోని మ్యాప్ కూడా అంతే. ఎక్కడున్నామో తెలుసుకోవడానికి అది ఎంతో ఉపయోగం, కానీ దాన్ని చూసి అప్రోచ్ (రన్‌వే దాకా దిగే నిర్ణీత దారి) దిగకూడదు.

లాగ్‌బుక్‌లు ముందు, కొత్త బాక్సులు తర్వాత

మా ముగ్గురిలో చిన్నవాడు మొదటి రోజే "అన్నా, ముందు పెద్ద స్క్రీన్ వేయిద్దాం, మిగతావి తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు. అందరికీ అలాగే అనిపిస్తుంది. కానీ యాభై ఏళ్ల విమానంలో పాత తీగల మీద కొత్త స్క్రీన్ పెడితే పైన పటారం లోన లొటారం అవుతుంది. అందుకని ఉన్నదాన్ని ముందు పరీక్ష చేయించాం.

లాగ్‌బుక్‌లలో రెండు తేదీలు వెతకండి. ఆల్టిమీటర్, దానికి బయటి గాలి పీడనాన్ని అందించే స్టాటిక్ సిస్టమ్ పరీక్ష 24 నెలల లోపు జరిగి ఉండాలి. రాడార్‌కు జవాబు పంపే ట్రాన్స్‌పాండర్ పరీక్షకూ అదే 24 నెలలు. వీఎఫ్‌ఆర్‌లోనే తిరిగిన విమానాల్లో రెండోది ఉంటుంది, మొదటిది ఉండదు. ఎందుకంటే నియంత్రిత గగనతలంలో ఐఎఫ్‌ఆర్ ఎగిరేవాళ్లకే అది తప్పనిసరి.

ఆ పరీక్ష ఎలా చేస్తారో ఒకసారి దగ్గరుండి చూడండి. విమానం పక్కనున్న స్టాటిక్ రంధ్రానికి గొట్టం తగిలించి, లోపలి గాలి కొద్దిగా లాగి, ఆల్టిమీటర్‌ను 1,000 అడుగులు పైకి ఎక్కిస్తారు. తర్వాత పంపు ఆపేసి, వాచీ చూస్తూ నిలబడతారు. ఒక నిమిషంలో ముల్లు 100 అడుగులకు మించి పడిపోకూడదు. మాది నిమిషంలో నేల మీదికొచ్చేసింది. ప్యానెల్ వెనకాల చేయి పెట్టి వెతికితే, ఆల్టిమీటర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం చివర బీటలు కనిపించాయి. వేళ్లతో నొక్కితే పాత చెప్పు రబ్బరులా పెళుసుగా విరిగింది. కొన్ని డాలర్ల గొట్టం అది. దాన్ని మార్చకుండా వేల డాలర్ల స్క్రీన్ పెట్టి ఉంటే, ఆ స్క్రీన్ కూడా అదే తప్పు గాలిని నమ్మి తప్పు ఎత్తునే చూపించేది.

స్టాటిక్ రంధ్రం నీటితోనో మంచుతోనో మూసుకుపోతే ఆల్టిమీటర్ ఉన్నచోటే ఆగిపోతుంది. అందుకే కాక్‌పిట్‌లోంచి గాలి తీసుకునే ప్రత్యామ్నాయ స్టాటిక్ వాల్వ్ ఒకటి ఉంటుంది. పాత 172ల్లో అది ఐచ్ఛికం. మీదాంట్లో లేకపోతే పెట్టించండి. వేగం కొలిచే గొట్టాన్ని వేడి చేసే పిటాట్ హీట్‌ను చట్టం ఆ జాబితాలో అడగలేదు, కానీ అది లేకుండా మబ్బులోకి వెళ్లకండి. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఒక్క నిమిషం ఆన్ చేసి, దిగి వచ్చి గొట్టాన్ని చేతి వేలితో అలా తాకి చూడండి. చురుక్కుమనాలి.

కరెంటు లెక్క

ఇది ఎవరికీ ఆసక్తి ఉండని పని. నా ఉద్దేశంలో మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే.

మా విమానంలో 14 వోల్టుల వ్యవస్థ, 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్. నిరంతరం వాడే కరెంటు ఆల్టర్నేటర్ సామర్థ్యంలో 80 శాతం దాటకుండా చూసుకోవడం అలవాటైన పద్ధతి. అంటే మాకు 48 ఆంపియర్లు. ఒక పేపరు మీద మబ్బులో, రాత్రి, వానలో ఉన్నట్టు ఊహించుకుని ఏమేం ఆన్ చేస్తారో అన్నీ రాయండి. పిటాట్ హీట్ ఒక్కటే దాదాపు పది ఆంపియర్లు లాగుతుంది. పాతకాలపు 100 వాట్ల ల్యాండింగ్ లైట్ ఏడు దాకా. బల్బుల నావిగేషన్ లైట్లు, తిరిగే బీకన్, రెండు రేడియోలు, ట్రాన్స్‌పాండర్, కొత్తగా రాబోయే జీపీఎస్, ఆటోపైలట్ మోటార్లు. కూడేసరికి అంచు దగ్గరికి వచ్చేస్తారు. బయటి లైట్లన్నీ ఎల్‌ఈడీకి మార్చేస్తే ఆ అంకె బాగా తగ్గుతుంది. అందుకే మేము మొదట కొన్నది జీపీఎస్ కాదు, లైట్లు.

పాత సెస్నాల్లో అమ్మీటర్ ఉంటుంది గానీ వోల్ట్‌మీటర్ ఉండదు. చిన్నదైనా ఒకటి పెట్టించండి. 14 దగ్గర ఉండాల్సింది 12.5 చూపిస్తే ఆల్టర్నేటర్ పోయిందన్నమాట, ఇక బ్యాటరీ మీద బతుకుతున్నారు. అది మబ్బులో ఐదో నిమిషంలో తెలియడానికీ, ఇరవయ్యో నిమిషంలో రేడియో మూగబోయాక తెలియడానికీ మధ్య చాలా దూరం ఉంది.

ప్యానెల్ విప్పినప్పుడే యాంటెన్నా తీగలు కూడా మార్పించండి. ఆనాడు వేసిన ఆర్‌జీ 58 తీగ లోపల్లోపల పాడై సిగ్నల్‌ను తినేస్తుంది. ఇప్పుడు వాడేది ఆర్‌జీ 400. ప్యానెల్ తెరిచి ఉన్నప్పుడు ఈ పనికి కూలి తక్కువ. మూశాక మళ్లీ తెరిపిస్తే మొత్తం కూలీ మళ్లీ కట్టాలి.

గైరోలు: ఇక్కడ తొందరపడకండి

పాత విమానాల్లో ఆర్టిఫిషియల్ హొరైజన్, గైరో దిక్సూచి రెండూ వాక్యూమ్ పంపు మీద తిరుగుతాయి. టర్న్ రేటు చూపే టర్న్ కోఆర్డినేటర్ మాత్రం కరెంటు మీద. ఆలోచించి చేసిన ఏర్పాటే అది. పంపు పోతే కరెంటుది మిగులుతుంది, కరెంటు పోతే పంపువి మిగులుతాయి.

చిక్కు ఎక్కడంటే, ఈ డ్రై పంపుల లోపల కార్బన్ రేకులు ఉంటాయి. అవి అరుగుతూ అరుగుతూ ఒక రోజు ముందు ఏ హెచ్చరికా లేకుండా విరిగిపోతాయి. ఆ తర్వాత జరిగేది ఇంకా ప్రమాదకరం. హొరైజన్ ఒక్కసారిగా పడిపోదు. లోపలి గైరో ఇంకా కొన్ని నిమిషాలు తిరుగుతూనే, నెమ్మదిగా వాలిపోతుంది. విమానం కుడికి వంగుతోందేమో అనుకుని మీరు ఎడమకు సరిచేస్తారు. అది ఇంకొంచెం వాలుతుంది, మీరు ఇంకొంచెం సరిచేస్తారు. మబ్బులో చెవి లోపలి సమతుల్యం కూడా అబద్ధమే చెబుతుంది. నా ఇన్‌స్ట్రక్టర్ ఒకసారి నేను బయట కనబడకుండా చేసే హుడ్ కింద ఉండగా నాకు చెప్పకుండా వాక్యూమ్ గేజీని కాగితంతో మూసేసి, హొరైజన్ పాడైనట్టు నాటకమాడాడు. ఏదో తేడాగా ఉందని గుర్తించడానికి నాకు ఒకటిన్నర నిమిషం పట్టింది. నిజమైన మబ్బులో అది చాలా ఎక్కువ సమయం.

2000 అక్టోబర్ 16 రాత్రి మిస్సౌరీ గవర్నర్ మెల్ కార్నహాన్ ప్రయాణిస్తున్న రెండింజన్ల సెస్నా 335 కూలిపోయింది. నడుపుతున్నది ఆయన కొడుకే. రాత్రివేళ, మబ్బుల్లో, పైలట్ ముందున్న హొరైజన్ పనిచేయకపోవడం ఆ ప్రమాదానికి దోహదం చేసిందని, దిక్కు తెలియని స్థితిలో పైలట్ అదుపు కోల్పోయాడని ప్రమాద విచారణ సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. కుడివైపు ఇంకో హొరైజన్ ఉన్న విమానమది. రెండోది ఉండటం ఒక్కటే చాలదు, మీ కళ్ల ముందు ఉండాలి.

అందుకే నా సలహా: ఖర్చు పెట్టదలుచుకున్న మొదటి పెద్ద మొత్తం ఇక్కడ పెట్టండి. 2016 నుంచి గార్మిన్ జీ5 లాంటి చిన్న ఎలక్ట్రానిక్ హొరైజన్లను మామూలు సర్టిఫైడ్ విమానాల్లో కూడా పెట్టుకునే వీలు వచ్చింది. పాత మీటరు ఉన్న గుండ్రటి రంధ్రంలోనే కూర్చుంటుంది. దానికి సొంత బ్యాటరీ ఉంది. విమానం కరెంటు మొత్తం పోయినా నాలుగు గంటల దాకా నడుస్తుంది. పైన ఒకటి హొరైజన్‌గా, కింద ఇంకొకటి హెచ్‌ఎస్‌ఐగా (దిక్కునూ, వెళ్లాల్సిన దారినీ కలిపి చూపేది) రెండు పెట్టించుకుంటే, పైది పోయినప్పుడు కిందది హొరైజన్‌గా మారిపోతుంది. అప్పుడు వాక్యూమ్ పంపును పూర్తిగా తీసేయొచ్చు. పాత స్పీడు మీటర్, ఆల్టిమీటర్, ఎక్కే దిగే వేగం చూపే మీటర్ మాత్రం అలాగే ఉంచాలి. జీఐ 275 కూడా ఇలాంటిదే, గుండ్రంగా ఉంటుంది.

పంపు తీసేసే ముందు ఒక్క విషయం సరిచూసుకోండి. మీ విమానంలో పాత ఆటోపైలట్ ఉందా? సెంచరీ కంపెనీవి చాలావరకు వాక్యూమ్ హొరైజన్‌ను చూసి రెక్కలు సరిచేస్తాయి. ఆ హొరైజన్ తీసేస్తే ఆటోపైలట్ గుడ్డిదైపోతుంది. ఎస్‌టెక్ వాళ్లవి టర్న్ కోఆర్డినేటర్ మీద ఆధారపడతాయి. అందుకని అక్కడ టర్న్ కోఆర్డినేటర్‌ను కదిలించకూడదు. షాపువాళ్లను ఇది ముందే అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.

అంత డబ్బు ఇప్పుడే పెట్టలేకపోతే? పాత హొరైజన్‌ను ఉంచుకుని, పంపును సమయానికి మార్పించి, ఫిల్టర్ కొత్తది వేసి, ఒక్క జీ5ను దిక్సూచి స్థానంలో హెచ్‌ఎస్‌ఐగా పెట్టించుకోవచ్చు. అది కూడా మంచి మెట్టే.

జీపీఎస్: ఆ ఒక్క మాట అడగండి, "వాస్ ఉందా?"

2003లో వాస్ అనే ఉపగ్రహ సవరణ వ్యవస్థ మొదలయ్యాక చిన్న విమానాలకు దారులు తెరుచుకున్నాయి. వాస్ ఉన్న జీపీఎస్‌తో ఎల్‌పీవీ అప్రోచ్‌లు దిగొచ్చు. అంటే కింద రేడియో సంకేతంతో రన్‌వే దాకా దింపే ఐఎల్‌ఎస్ పరికరం లేని చిన్న ఊరి రన్‌వేకు కూడా వాలుదారి పట్టుకుని, చాలాచోట్ల నేలకు 200, 250 అడుగుల ఎత్తు దాకా మబ్బులో దిగి రావచ్చు. వాస్ లేనిదానితో వాలుదారి దొరకదు, కనిష్ఠ ఎత్తు ఇంకా పైనే ఉండిపోతుంది. పాత విమానాల ప్రకటనల్లో "గార్మిన్ 430" అని రాస్తారు. చివర "డబ్ల్యూ" ఉందో లేదో చూడండి. ఆ ఒక్క అక్షరంలో చాలా డబ్బుంది. పైగా ఆ తరం పెట్టెల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. రిపేరు కూడా కష్టమవుతోంది.

కొత్తవాటిలో ఎంపిక మీ దగ్గర ఇప్పటికే ఏముందో దాన్నిబట్టి ఉంటుంది. మంచి రేడియో ఉంటే గార్మిన్ వాళ్ల జీపీఎస్ 175 చాలు. రేడియో కూడా కావాలంటే జీఎన్‌సీ 355. ట్రాన్స్‌పాండర్ మార్చాల్సి ఉంటే జీఎన్‌ఎక్స్ 375లో విమానం ఎక్కడుందో ప్రసారం చేసే ఏడీఎస్‌బీ ట్రాన్స్‌పాండర్ కలిసే వస్తుంది. డాలస్ ఫోర్ట్‌వర్త్ లాంటి పెద్ద విమానాశ్రయం చుట్టూ 30 నాటికల్ మైళ్లలో ఎగరాలంటే 2020 జనవరి 1 నుంచి ఏడీఎస్‌బీ అవుట్ తప్పనిసరి, కాబట్టి ఈ పెట్టె చాలామందికి లెక్క కుదురుతుంది. జీపీఎస్, రేడియో, వీఓఆర్ (నేల మీది రేడియో స్టేషన్లను బట్టి దారి చూపేది), ఐఎల్‌ఎస్ అన్నీ ఒకే పెట్టెలో కావాలంటే జీటీఎన్ 650ఎక్స్‌ఐ. పాత 430 ఉన్నవాళ్లకు అవిడైన్ ఐఎఫ్‌డీ 440 అదే ట్రేలోకి జారుతుంది.

వాస్ జీపీఎస్ ఉంటే చట్టప్రకారం ఇంక వేరే నావిగేషన్ అక్కర్లేదు. అయినా వీఓఆర్, ఐఎల్‌ఎస్ అందుకునే పాత రిసీవర్‌ను ఒక్కటైనా పీకించకండి. 2022 అక్టోబర్‌లో డాలస్ చుట్టూ జీపీఎస్ సిగ్నళ్లు నమ్మడానికి వీల్లేకుండా పోయాయి. పెద్ద విమానాలు పాత దారులు పట్టుకోవాల్సి వచ్చింది, డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఒక రన్‌వేను కొంతసేపు మూశారు. ఆ రోజు మబ్బులో ఉన్న చిన్న విమానంలో ఒక్క జీపీఎస్ మాత్రమే ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ వీఓఆర్ స్టేషన్లను తగ్గిస్తూ పోతున్నా, ఇలాంటి రోజుల కోసమే కొన్నింటిని ఉంచుతోంది.

వీఓఆర్‌తో ఐఎఫ్‌ఆర్ ఎగిరేవాళ్లు ప్రతి 30 రోజులకూ దాన్ని సరిచూసి రాసుకోవాలి. నేల మీద 4 డిగ్రీలు, గాలిలో 6 డిగ్రీల వరకు తేడాను ఒప్పుకుంటారు. తేదీ, స్థలం, ఎన్ని డిగ్రీల తేడా, సంతకం. ఒక చిన్న నోట్‌బుక్ సీటు వెనక సంచిలో పెట్టేయండి.

ఇక జీపీఎస్‌లో ఉండే దారుల డేటాబేస్. 28 రోజులకోసారి మారుతుంది, ఏటా చందా కట్టాలి. బడ్జెట్‌లో దీన్ని చాలామంది మర్చిపోతారు.

ఆటోపైలట్

ఒంటరిగా మబ్బులో ఎగిరే పైలట్‌కు ఇది విలాసం కాదు. కంట్రోలర్ ఉన్నట్టుండి దారి మార్చి కొత్త దారి చదివితే, రాసుకుంటూ, జీపీఎస్‌లో కొడుతూ, చార్టు వెతుకుతూ చేత్తో రెక్కలు సమంగా పట్టుకోవడం ఎంత టెన్షనో ఒక్కసారి చేసినవాళ్లకు తెలుసు. రెక్కల్ని సమంగా పట్టే మామూలు ఆటోపైలట్ అయినా మీ బుర్రలో సగం ఖాళీ చేస్తుంది. డబ్బు కుదిరితే జీఎఫ్‌సీ 500 లాంటిది ఎత్తును కూడా పట్టుకుని అప్రోచ్‌ను తానే దించుతుంది. సెస్నా 172లు దాని అనుమతి జాబితాలో ఉన్నాయి. అది జీ5నో జీఐ 275నో చూసి పనిచేస్తుంది కాబట్టి, గైరోల దగ్గర ముందే ఆలోచించి కొంటే ఇక్కడ డబ్బు రెండుసార్లు పెట్టక్కర్లేదు. అందులో లెవెల్ అనే నీలం బటన్ ఒకటుంది. తల తిరిగినట్టు అనిపించిన క్షణంలో దాన్ని నొక్కితే విమానాన్ని సమంగా నిలబెడుతుంది. ఆ బటన్ ఎక్కడుందో కళ్లు మూసుకుని వేలు పెట్టగలిగేదాకా నేల మీదే అభ్యాసం చేయండి.

షాపూ, కాగితాలూ

కనీసం రెండు షాపుల దగ్గర ధర రాయించుకోండి. పెట్టె ధరకు దాదాపు అంతే కూలి అవుతుందని మనసు సిద్ధం చేసుకోండి. చెప్పిన గడువుకు రెట్టింపు పడుతుందనీ అనుకోండి. మాది "ఆరు వారాలు" అన్నారు, ఐదు నెలలు పట్టింది.

తీసుకునేటప్పుడు చేతికి రావాల్సినవి: లాగ్‌బుక్ నమోదు, పెద్ద మార్పులు నమోదు చేసే 337 ఫారం కాపీ, కొత్త బరువు, బ్యాలెన్స్ లెక్క, సవరించిన పరికరాల జాబితా, ప్రతి పరికరానికీ ఫ్లైట్ మాన్యువల్ అనుబంధం, తర్వాతి మెయింటెనెన్స్ సూచనల పుస్తకం. ఆ అనుబంధం విమానంలోనే ఉండాలి, ఇంట్లో బీరువాలో కాదు. వాక్యూమ్ సామాను, పాత రేడియోలు దిగిపోతే విమానం కొన్ని పౌండ్లు తేలికవుతుంది, ఆ లెక్క మీ ప్రయాణికుల బరువుకు పనికొస్తుంది.

తెచ్చుకున్నాక, నేల మీద

మీరే పక్కనుండి రెండు పరీక్షలు చేయండి.

మొదటిది: జీపీఎస్ ఆన్ చేసి, ఉపగ్రహాల పేజీ తెరిచి, రేడియోను 121.175కూ 131.275కూ, వాటి పక్క ఫ్రీక్వెన్సీలకూ మార్చుతూ ఒక్కో దాని మీద అరనిమిషం మైకు నొక్కి పట్టుకోండి. మాట్లాడేవాళ్లెవరైనా ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్నారేమో ముందు వినండి. జీపీఎస్ పనిచేసేది 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర. 131.285ను 12తో, 121.186ను 13తో గుణిస్తే దాదాపు అక్కడికే వస్తుంది. మీ సొంత రేడియో యాంటెన్నా జీపీఎస్ యాంటెన్నాకు మరీ దగ్గరగా ఉంటే, మీరు మాట్లాడినప్పుడల్లా ఉపగ్రహాల సిగ్నల్ గీతలు కుంగిపోతాయి. గీతలు కదలకపోతే బాగున్నట్టు.

రెండోది: విమానాన్ని ఎయిర్‌పోర్టులో నేల మీద దిక్కులు గీసి ఉన్న కంపాస్ వృత్తం మీదికి తీసుకెళ్లి, ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో లైటూ, ఒక్కో మోటారూ ఆన్ చేస్తూ హెడింగ్ చూడండి. మాది నావిగేషన్ లైట్లు వేయగానే 11 డిగ్రీలు పక్కకు జరిగింది. దిక్కును కొలిచే మాగ్నెటోమీటర్‌ను లైటు తీగకు మరీ దగ్గరగా బిగించారు. షాపు వాళ్లు "ఎగిరాక సర్దుకుంటుంది" అన్నారు. సర్దుకోలేదు. రెక్కలో ఇంకో చోటికి మార్చాకే కుదిరింది. ఇది నేల మీదే పట్టుకోవాలి. రాత్రి అప్రోచ్‌లో నావిగేషన్ లైట్లు తప్పకుండా ఆన్‌లో ఉంటాయి కదా.

ఆకాశంలో, ఎండ ఉన్న రోజున

మొదటి పది గంటలు మంచి వాతావరణంలోనే. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టరో, సేఫ్టీ పైలటో ఉండగా హుడ్ పెట్టుకుని అన్నిరకాల అప్రోచ్‌లూ చేయండి: ఎల్‌పీవీ, ఐఎల్‌ఎస్, ఆటోపైలట్‌తో, చేత్తో. ఆ తర్వాత ఒక్కొక్కటీ తీసేస్తూ రండి. జీపీఎస్ ఆపేసి వీఓఆర్‌తో ఇంటికి రండి. పైన ఉన్న జీ5ను ఆపేసి, హొరైజన్‌గా మారిన కిందదాన్ని చూస్తూ ఎగరండి. ఆల్టర్నేటర్ ఆపి, బ్యాటరీ మీద ఏవి ఉంచాలో ఏవి ఆపాలో చేతులకు నేర్పండి. మొదట్లో వేసుకున్న ప్రశ్నకు జవాబులు ఈ గంటల్లోనే దొరుకుతాయి.

రెండు విషయాల్లో కొత్త ప్యానెల్ మీకు ఏ సాయమూ చేయదు. ఒకటి మంచు. 172ను మంచు పట్టే వాతావరణం కోసం తయారు చేయలేదు. డిసెంబర్ మబ్బు 3,000 అడుగుల్లో గడ్డకట్టే చలిలో ఉంటే, ప్యానెల్‌లో ఎన్ని స్క్రీన్లున్నా ఆ రోజు నేల మీదే. రెండోది ఉరుములు. ఏడీఎస్‌బీ ద్వారా తెర మీద వచ్చే రాడార్ బొమ్మ మీద రాసి ఉన్న సమయం కంటే అసలు వాన చిత్రం ఇరవై నిమిషాల దాకా పాతది కావచ్చని ఎన్‌టీఎస్‌బీ 2012లోనే హెచ్చరించింది. ఆ బొమ్మ చూసి ఉరుము మబ్బుల మధ్య సందులు వెతకకండి. దూరంగా తప్పుకోవడానికి మాత్రమే వాడండి.

మొదటి నిజమైన మబ్బు కోసం రోజును మీరే ఎంచుకోండి. కింది అంచు 1,500 అడుగులు, పై అంచు 4,000 లోపు, గడ్డకట్టే ఎత్తు చాలా పైన, వంద మైళ్లలో ఎక్కడో తేటగా ఉన్న విమానాశ్రయం ఒకటి, ట్యాంకు నిండా పెట్రోలు, కుడివైపు ఇన్‌స్ట్రక్టర్. మా ఊళ్లో అలాంటి ఉదయం ఏప్రిల్‌లో వచ్చింది. 1,600 అడుగుల దగ్గర కిటికీలు తెల్లబడ్డాయి, రెక్క చివర కనబడలేదు. హొరైజన్ మీద చూపు పెట్టి, మిగతావి ఒక్కొక్కటీ చుట్టి చూస్తూ, 3,400 దగ్గర ఎండలోకి వచ్చాం. అప్పటిదాకా మేమిద్దరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు.